జెట్ సంగతి తర్వాత, ముందు ట్రైనర్ కట్టు

చిరంజీవి చిన్నాకి మావయ్య ఆశీస్సులు.

రిమోట్‌తో ఎగరేసే బొమ్మ విమానం కట్టడానికి నువ్వు పంపిన సామాన్ల చిట్టా చూశాను. 2200 కేవీ మోటారు, దానికి పదంగుళాల ప్రొపెల్లరు, జెట్ ఆకారంలో కోసిన థర్మోకోల్. ఆ మోటారూ, జెట్ థర్మోకోలూ కొనకు. పదంగుళాల ప్రొపెల్లరు ఆ మోటారుకి పనికిరాదు. కేవీ అంటే ఒక్కో వోల్టుకి ప్రొపెల్లరు బిగించని మోటారు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందన్న లెక్క. కేవీ పెరిగేకొద్దీ ప్రొపెల్లరు చిన్నదవ్వాలి. 2200 కేవీకి ఆరంగుళాలది సరిపోతుంది. పదంగుళాలది బిగించి త్రాటిల్ (రిమోట్ మీద మోటారు వేగం పెంచే కర్ర) పూర్తిగా తోశావంటే కరెంటు హద్దు దాటి ఈఎస్సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే పరికరం), మోటారు తీగచుట్ట రెండూ మాడిపోవచ్చు. జెట్ బొమ్మ వేగంగా పోతేగాని గాల్లో నిలవదు. నేర్చుకునేవాడికి ఆ వేగంలో ఆలోచించే వ్యవధి ఉండదు. అందుకని బాడీ మీద రెక్క కూర్చునే నిదానమైన ట్రైనర్, అంటే నేర్చుకునేవాళ్ళ విమానం, కట్టు. చూడ్డానికి అందంగా ఉండదు, ఫరవాలేదు.

కొనాల్సినవి ఇవీ. ఏ2212 1000 కేవీ మోటారు, 30 ఆంపియర్ల ఈఎస్సీ, 10×4.5 (పదంగుళాల) ప్రొపెల్లర్లు నాలుగైదు, తోక పలకల్ని కదిపే 9 గ్రాముల ఎస్‌జీ90 సర్వోలు (చిన్న మోటార్లు) రెండు, 3ఎస్ (మూడు సెల్‌ల) 2200 ఎంఏహెచ్ లైపో బ్యాటరీ, సెల్‌లన్నీ సమంగా నింపే బ్యాలెన్స్ చార్జరు, వోల్టేజీ పడిపోతే కూత పెట్టే చిన్న అలారం. ట్రాన్స్‌మిటర్‌కి, అంటే చేతిలో పట్టుకునే రిమోట్‌కి, ఫ్లైస్కై ఎఫ్ఎస్-ఐ6 చాలు, విమానంలో సిగ్నల్ అందుకునే రిసీవర్ దాంతోనే వస్తుంది. మోడ్ 2 అడిగి తీసుకో, త్రాటిల్ ఎడమ చేతికి వస్తుంది. ఈ మోటారు, ఈ ప్రొపెల్లరు, ఈ బ్యాటరీ కలిస్తే 800 గ్రాముల దాకా లాగుతాయి. నీ విమానం మొత్తం 650 గ్రాములు దాటకూడదు. దాటిందంటే దాదాపు ప్రతిసారీ కారణం ఒకటే, జిగురు ఎక్కువ పూయడం.

ఎయిలరాన్లు (రెక్క వెనకంచున కదిలే పలకలు) ఇప్పుడొద్దు. రడ్డర్ (తోక నిలువు పలకలో కదిలే భాగం), ఎలివేటర్ (తోక అడ్డపలకలో కదిలే భాగం), త్రాటిల్, ఈ మూడు చాలు. రెక్కలు రెండూ కొంచెం పైకి వంగి ఉంటే కర్ర వదిలేసినా విమానం తనంతట తానే సర్దుకుంటుంది. రడ్డర్ సర్వోని రిసీవర్‌లో ఒకటో చానల్‌కి పెట్టు. అప్పుడు తిప్పడమూ ఎత్తడమూ కుడిచేతి కర్ర మీదే ఉంటాయి. రేపు ఎయిలరాన్ల విమానానికి మారినా చెయ్యి అలవాటు మారదు.

షీటు 5 మిల్లీమీటర్ల డెప్రాన్ ఫోమ్ తీసుకో. హాబీ దుకాణాల్లో ఎక్స్‌పీఎస్ ఫోమ్ అని కూడా ఇస్తారు. బోర్డులు రాసే దుకాణంలో సన్‌బోర్డు చూపిస్తారు, అది చాలా బరువు, వద్దు. ఫెవిక్విక్, ఫెవిబాండ్ రెండూ ఈ ఫోమ్‌ని కరిగించేస్తాయి. పొరపాటున ఒక చుక్క పడ్డా గుంట పడుతుంది. హాట్ గ్లూ వాడొచ్చు, కాకపోతే గన్ను వేడెక్కాక ప్లగ్ తీసి నిమిషం ఆగి పూయాలి. లేకపోతే అదీ కరిగిస్తుంది. బలం పడేచోట, అంటే మోటారు పలకకీ రెక్క మధ్య అతుకుకీ, రెండు ట్యూబుల ఆరల్‌డైట్ వాడు. సన్నగా పూయి. అతుకులోంచి జిగురు బయటికి పొంగిందంటే అది బలం కాదు, బరువు.

ఇక కొలతలు. రెక్క పొడవు చివర నుంచి చివరకి 1200 మిల్లీమీటర్లు, వెడల్పు 200. 600 చొప్పున రెండు సగాలుగా కట్టాలి. ఒక్కో సగానికి కింది పలక 200 వెడల్పుతో కోసి, ముందంచు నుంచి 60 దగ్గర 16 ఎత్తు ఉన్న ఫోమ్ దూలాన్ని నిలువుగా అతికించు. పై పలకని పదిపదిహేను మిల్లీమీటర్లు ఎక్కువ వెడల్పుగా కోసుకుని, లోపలివైపు దూలం పైకి వచ్చేచోట పెన్ను వెనకవైపుతో రెండు మూడు గీతలు నొక్కు. అక్కడ అది విరక్కుండా వంగుతుంది. ముందంచు దగ్గర అతికించి, దూలం మీదుగా వంచి వెనకంచుకి దించు. మిగిలిన ముక్క తర్వాత కోసెయ్. అతికేటప్పుడు రెక్క బల్ల మీద సమంగా పరుచుకుని ఉండాలి, మీద పుస్తకాలు బరువు పెట్టు. ఇక్కడ మెలి పడితే ఆ విమానం జీవితాంతం ఒక పక్కకే వాలుతుంది, ట్రిమ్‌తో (రిమోట్ మీది చిన్న సవరణ మీటతో) పూర్తిగా పోదు.

రెండు సగాలూ అయ్యాక, ఒక సగం బల్ల మీద పెట్టి రెండోదాని చివర బల్లకి 105 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండేలా మధ్య అంచుల్ని ఏటవాలుగా రుద్ది అతికించు. ఒక్కో వైపు అయిదేసి డిగ్రీల వంపు వస్తుంది. లోపల రెండు దూలాలకీ కలిపి 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ని ఆ వంపుకే కోసి, 200 పొడవున ఆరల్‌డైట్‌తో పెట్టు. ఈ ముక్క పెట్టకపోతే గట్టిగా మలుపు తిప్పినప్పుడు రెక్క మధ్యలో మడుచుకుపోతుంది.

బాడీ 900 పొడవు, 70 వెడల్పు, 80 ఎత్తు ఉన్న పెట్టె. ముక్కు నుంచి రెక్క ముందంచుకి 200, రెక్క వెనకంచు నుంచి తోక ముందంచుకి 370. తోక అడ్డపలక 400×130, అందులో వెనక 40 ఎలివేటర్. నిలువు పలక 180 ఎత్తు, సగటున 130 వెడల్పు, వెనక 50 రడ్డర్. తోక అడ్డపలక బాడీకి సమాంతరంగా ఉండాలి. రెక్క ముందంచు మాత్రం వెనకంచుకంటే ఆరేడు మిల్లీమీటర్లు ఎత్తుగా కూర్చోవాలి. రెక్కని జిగురుతో అతికించొద్దు. బాడీకి అడ్డంగా రెండు వెదురు పుల్లలు దూర్చి, ఎనిమిది రబ్బరు బ్యాండ్లతో కట్టు, చివరి రెండూ ఇంటూ ఆకారంలో రావాలి. కింద పడ్డప్పుడు రెక్క విడిపోతుందే కాని విరగదు. మన ఎండలకి రబ్బరు నెలలోపే పగుళ్ళిస్తుంది, లాగి చూసి మార్చేస్తుండు. చక్రాలు అక్కర్లేదు. బరువూ దండగే, మన పొలాల్లో గడ్డికి తగులుకుని పల్టీ కొట్టిస్తాయి కూడా.

మోటారు బిగించే ప్లైవుడ్ పలకని సరిగ్గా నిలువుగా అతికించి, తర్వాత వాషర్లతో కోణం సర్దు. వెనక నుంచి చూస్తే మోటారు రెండు డిగ్రీలు కుడికీ, రెండు మూడు డిగ్రీలు కిందికీ చూడాలి. అంటే ఎడమవైపు మరకీ పైవైపు మరకీ వెనక వాషర్ పడుతుంది. ఇది లేకపోతే త్రాటిల్ ఇచ్చినప్పుడల్లా ముక్కు పైకీ ఎడమకీ లాగుతుంది. ప్రొపెల్లరు మీద అంకెలున్న వైపు ముందుకి ఉండాలి. మోటారు ఎదురు తిరుగుతోందా, మూడు తీగల్లో ఏ రెండైనా అటూ ఇటూ మార్చు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. కొత్తవాళ్ళ విమానాలు కూలేది నడపడం రాక అనుకుంటారు. చాలాసార్లు అసలు కారణం బరువు సమంగా లేకపోవడం. రెక్క ముందంచు నుంచి 50 మిల్లీమీటర్ల దగ్గర రెండు పక్కలా అడుగున గీత గియ్యి. బ్యాటరీ, రెక్క, ప్రొపెల్లరు అన్నీ పెట్టాక ఆ గీతల కింద రెండు చూపుడువేళ్ళు ఆనించి ఎత్తు. విమానం సమంగా నిలవాలి, లేదా ముక్కు పిసరంత కిందికి వాలాలి. తోక వాలితే ఎట్టి పరిస్థితిలోనూ ఎగరెయ్యకు. ముక్కు బరువైన విమానం మొద్దుగా ఎగురుతుంది, అంతే. తోక బరువైనది చేతిలోంచి వదలగానే ముక్కెత్తి నిలబడి, ఒక రెక్క పడేసి, నేలకి గుద్దుకుంటుంది. నువ్వు కర్ర ముందుకి నొక్కేలోపే అయిపోతుంది. దీన్ని సరిచెయ్యడానికి సీసం ముక్కలు పెట్టకు, బ్యాటరీని జరుపు. అందుకే బ్యాటరీ గదిని బ్యాటరీకంటే అరవై డెబ్బై మిల్లీమీటర్లు పొడుగ్గా కట్టమంటున్నాను. స్థానం తేలాక లోపల స్కెచ్ పెన్నుతో గీత పెట్టుకో, బ్యాటరీని వెల్క్రో పట్టీతో కట్టు. గాల్లో బ్యాటరీ వెనక్కి జారితే మళ్ళీ అదే కథ. పక్కల తూకం కూడా చూడు. ముక్కునీ తోకనీ వేలి మీద పట్టుకుంటే ఏ రెక్క వాలుతుందో, రెండోదాని చివర అంత బరువుకి టేపు అతికించు.

సర్వోల దగ్గర రెండే జాగ్రత్తలు. హార్న్ (కదిలే పలకకి బిగించే చిన్న కొమ్ము) రంధ్రం సరిగ్గా హింజ్ గీత (పలక మడత పడే గీత) మీదికి రావాలి, ముందుకో వెనక్కో ఉంటే పైకి ఒకలా, కిందికి ఒకలా కదులుతుంది. రెండింటినీ కలిపే తీగకి సర్వో చేతిలో లోపలి రంధ్రం, హార్న్‌లో బయటి రంధ్రం వాడు, కదలిక మెత్తబడుతుంది. ఎలివేటర్ అంచు పైకీ కిందికీ పది పన్నెండు మిల్లీమీటర్లు, రడ్డర్ అటూ ఇటూ ఇరవై కదిలితే చాలు. విమానం వెనక నిలబడి చూడు. కర్ర నీవైపు లాగితే ఎలివేటర్ పైకి లేవాలి, కుడికి తోస్తే రడ్డర్ కుడికి పోవాలి. ప్రతి ఎగురుడుకీ ముందు ఇది చూడాలి. తిరగబడిన కంట్రోల్‌తో ఎగరేస్తే మూడు సెకన్లలో తేలిపోతుంది.

ఫెయిల్‌సేఫ్ పెట్టడం మరిచిపోకు. సిగ్నల్ తెగితే త్రాటిల్ సున్నాకి రావాలి. ప్రొపెల్లరు తీసేసి, మోటారు తిరుగుతుండగా ట్రాన్స్‌మిటర్ ఆపి చూడు. ఇంట్లో చేసే పరీక్షలన్నీ, ఈఎస్సీ కాలిబ్రేషన్‌తో (దానికి త్రాటిల్ హద్దులు నేర్పడంతో) సహా, ప్రొపెల్లరు లేకుండానే. పదంగుళాల ప్రొపెల్లరు వేళ్ళు తెగేలా కోస్తుంది. ముందు ట్రాన్స్‌మిటర్ ఆన్, తర్వాత బ్యాటరీ. తీసేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత ట్రాన్స్‌మిటర్.

ఎక్కడ ఎగరెయ్యాలంటే, హైదరాబాద్‌లో మాత్రం వద్దు. బేగంపేట, హకీంపేట, దుండిగల్, శంషాబాద్, ఎటు చూసినా విమానాశ్రయాలూ వైమానిక దళ స్థావరాలే. 2021 డ్రోన్ రూల్స్‌లో మన బొమ్మ విమానాలకి మోడల్ అన్న విడి నిర్వచనం ఉంది, టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదు. కానీ ఆకాశం హద్దులు అందరికీ ఒకటే. ఎరుపు, పసుపు జోన్లలో అనుమతి లేకుండా లేపకూడదు, ఆకుపచ్చ జోన్‌లో 400 అడుగుల దాకా. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8, 12 కిలోమీటర్ల మధ్య ఉంటే 200 అడుగులే. ప్రభుత్వ మ్యాప్ తెరిచి చోటు చూసుకో, రిజిస్ట్రేషన్ నిబంధనలూ అక్కడే చదువు. మీ కాలేజీలో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ ఉంటే అడుగు, వాళ్ళకి ఏరోమోడలింగ్ శిక్షణలో భాగమే, నేర్పేవాళ్ళు దొరుకుతారు.

ఊరొచ్చినప్పుడైతే కోత అయిన పొలాలున్నాయి. వరి చేలో మినుము చల్లారేమో ముందు చూసుకో, రైతుని అడక్కుండా దిగకు. కరెంటు తీగలు లేకుండా కనీసం ఎకరంన్నర ఖాళీ కావాలి, చుట్టూ కూడా తెరిపిగా ఉండాలి. సంక్రాంతి వారంలో వద్దు, గాలిపటాల మాంజా ప్రొపెల్లరుకి చుట్టుకుంటుంది. గద్దలు తిరుగుతుంటే కాసేపు ఆగు, అవి విమానం మీద పడతాయి. పొద్దున ఆరు నుంచి ఎనిమిదిలోపు గాలి నిలకడగా ఉంటుంది. ఎండెక్కాక నేల నుంచి వేడిగాలి లేచి విమానాన్ని ఎగదోస్తుంది, కోస్తాలో పదింటికల్లా సముద్రపు గాలి మొదలవుతుంది.

అక్కడికి వెళ్ళేలోపు సిమ్యులేటర్ మీద కూర్చో. ట్రాన్స్‌మిటర్‌ని కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి వాడొచ్చు, పికాసిమ్ ఉచితంగానే దొరుకుతుంది. విమానం నీకెదురుగా వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి, బుర్ర తికమకపడేది అక్కడే. ఒక కిటుకు చెప్తాను. ఎదురొస్తున్నప్పుడు ఏ రెక్క కిందికి వాలిందో, కర్ర ఆ వైపుకి తొయ్యి. ఆలోచించకుండా చెయ్యి అటు పోయేదాకా సాధన చెయ్.

మొదటిరోజు ముందు మోటారు ఆపి, ఎత్తుగా గడ్డి ఉన్నచోట, ఎదురుగాలికి, భుజం ఎత్తు నుంచి సమంగా వదిలి చూడు. పదిపదిహేను మీటర్లు నిదానంగా జారితే సరే. ముక్కు ఎత్తి ఆగి పడితే బ్యాటరీ కొంచెం ముందుకి జరుపు. సూటిగా నేలకి దిగితే రెండు మిల్లీమీటర్ల ఎలివేటర్ ట్రిమ్ పైకి ఇవ్వు. తర్వాతే మోటారు. విసిరేది ఇంకొకరు, నీ రెండు చేతులూ కర్రల మీద ఉండాలి. త్రాటిల్ ముప్పావు, విసురు నేలకి సమంగా. చాలామంది ఆకాశంలోకి విసురుతారు, అప్పుడే విమానం వేగం చచ్చి పడిపోతుంది.

ముప్పై నలభై మీటర్ల ఎత్తు అందేదాకా మలుపు తిప్పకు. పైకి వెళ్ళాక త్రాటిల్ సగానికి తగ్గించి, కర్ర వదిలి, ఎటు లాగుతుందో చూసి ట్రిమ్ చెయ్. మలుపులో ముక్కు దిగుతుంది, కొద్దిగా ఎలివేటర్ లాగు. సూర్యుడికి అడ్డంగా పోనివ్వకు, ఒక్క క్షణం కనబడకుండా పోయినా ఎటు తిరిగిందో తెలియదు. తికమక పడితే త్రాటిల్ తగ్గించి కర్ర వదిలెయ్, ఎత్తుంటే అదే సర్దుకుంటుంది. నేల దగ్గర ముక్కెత్తి వేగం పోగొట్టుకోవద్దు. దిగేటప్పుడు ఎదురుగాలికి రా, మోకాలెత్తులో త్రాటిల్ పూర్తిగా మూసి కొద్దిగా ఎలివేటర్ పట్టి గడ్డి మీద ఆన్చు.

టైమర్ ఏడు నిమిషాలకి పెట్టు. బ్యాటరీ పది నిమిషాలు రావచ్చు, కానీ దిగడం కుదరక ఇంకోసారి చుట్టి రావడానికి మిగలాలి. సెల్ ఒక్కోటి 3.5 వోల్టులకి వస్తే చాలించు, 3.0 కిందికి పోతే ఆ సెల్ పనికిరాదు. చార్జి 2.2 ఆంపియర్లకి మించి పెట్టకు, పక్కనే ఉండు, రాత్రి పెట్టి నిద్రపోకు. వారం రోజులు వాడకపోతే 3.8 వోల్టుల దగ్గర ఉంచి, ఇసుక పోసిన మట్టికుండలో, మంటకి అందని చోట పెట్టు. గుద్దుకున్న బ్యాటరీ ఉబ్బిందంటే ఇక దాన్ని చార్జి చెయ్యొద్దు. మోటారు కడ్డీ వంగిందేమో వేలితో తిప్పి చూడు, వంగిన కడ్డీ అదురుతో సర్వోల్నీ రిసీవర్‌నీ తినేస్తుంది.

రెక్క కట్టడం అయ్యాక, బాడీకి కట్టకముందే ఒకసారి తూచి బరువు రాసి పంపు. ముందు నుంచీ వెనక నుంచీ ఫొటోలు కూడా తీసి పెట్టు, మెలి ఉందో లేదో చూస్తాను.

ఇట్లు
మీ మావయ్య