మనసు తేలికపడాలంటే ఒక తుప్పు సైకిల్ తెచ్చుకోండి

"ఫోను చూడకుండా, పెద్దగా ఖర్చు లేకుండా టెన్షన్ తగ్గే హాబీ ఏదైనా ఉందా?" అని అడిగారు. ఉంది. ఎవరో వదిలేసిన పాత సైకిల్‌ని విప్పి మళ్ళీ బిగించడం. నా మటుకు ధ్యానాలూ అవీ దీని ముందు దిగదుడుపే.

ఒకసారి రాడ్ బ్రేకుల సైకిల్ ఒకటి గోడవారగా వానకి తడుస్తూ పడి ఉంటే అడిగి తెచ్చుకున్నాను. అన్నీ ఊడొచ్చాయి గానీ, ఎడమ క్రాంకుని, అంటే పెడల్ ఉండే కడ్డీని, ఇరుసుకి పట్టి ఉంచే కాటర్ పిన్ను మాత్రం కదల్లేదు. నూనె వేసి రాత్రంతా వదిలేశాను. తెల్లారినా అంతే. ఇలాంటప్పుడు కోపంగా బాదితే పిన్ను కొన చితికిపోయి ఇక చచ్చినా రాదు. నట్టుని పిన్ను కొనదాకా వదులు చేసి, అలాగే ఉంచాలి. దెబ్బ బేరింగుల మీద పడకుండా క్రాంకు కింద ఒక ఇనుప గొట్టాన్ని నేలకి ఆనించి నిలబెట్టాలి. అప్పుడు సుత్తితో నిటారుగా, గట్టిగా ఒక్కటి. టక్కుమని జారింది. ఆ క్షణాన ఆఫీసు గుర్తుంటే ఒట్టు.

ఇరుసు తిరిగే గొట్టం లోపల నల్లటి జిడ్డు, అందులో పావు అంగుళం బేరింగు బాల్సు. లెక్కపెడితే ఒక పక్క 12 ఉన్నాయి. ఉండాల్సింది పక్కకి 11. ఇంకోటి పట్టేంత చోటున్నట్టే కనిపిస్తుంది, కానీ దూరిస్తే ఒకదాన్నొకటి రాసుకుని పెడల్ బరువెక్కుతుంది. ఏ మహానుభావుడు దూర్చాడో గానీ, ఆ ఒక్క బాల్ వల్లే ఆ సైకిల్ మూలపడిందని నా గట్టి నమ్మకం.

అసలు సైకిళ్ళని పాడుచేసేది వాన కాదు, సగం తెలిసినవాళ్ళు. ఎడమ పెడల్‌కి మర ఉల్టా ఉంటుంది. అది తెలియక పానా మీద ఎక్కి నిలబడి ఇంకా బిగించేసి, "ఇది రాదండీ" అని తీర్పు చెప్పేస్తారు. ఇంకొందరు తుప్పు గీకకుండానే పైన స్ప్రే కొట్టి, రీస్టోర్ చేశామని ఫోటోలు పెడతారు. ఆ తుప్పు లోలోపల తింటూనే ఉంటుంది! క్రోము మీద తుప్పుకైతే అల్యూమినియం ఫాయిల్ నలిపి, నీళ్ళలో ముంచి రుద్దండి. క్రోము కన్నా మెత్తన కాబట్టి గీతల భయం ఉండదు.

ఫ్రేము అతుకుల దగ్గర చీలిక కనిపిస్తే మాత్రం ఆ సైకిల్ జోలికి పోకండి. మిగతావన్నీ ఓపికతో అయ్యే పనులే. "ఇప్పుడు దీన్నెవరు తొక్కుతారు?" అని ఇంట్లో అడుగుతారు. కావాలన్నవాళ్ళకి ఇచ్చేయండి, చోటు ఖాళీ అయితే ఇంకోటి తెచ్చుకోవచ్చు.