అల్లుడూ, జీఎం క్యాబిన్లో కూర్చుంటే పని జరగదు

అల్లుడూ,

నిన్ను షోరూమ్ జనరల్ మేనేజర్ చేశారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, సంతోషం. కానీ ఏ టైంలో చేశారో కూడా చూసుకో. యార్డులో ఆర్నెల్ల నాటి బళ్లు బెజవాడ ఎండకి మాడతన్నయ్, వాటి మీద బ్యాంకు వడ్డీ రోజూ పెరుగుతానే ఉంది, సేల్స్ కుర్రాళ్లేమో పక్క బ్రాండ్‌లో ఇంటర్వ్యూలకి తిరుగుతున్నారు. ఇట్టాంటప్పుడు ఎక్సెల్ షీట్లు చూసే మేనేజర్ చాలడు, నలుగురూ నమ్మి వెనకొచ్చే మనిషి కావాలి. ఆటోనగర్‌లో బళ్ల మధ్యే ముసలోణ్ణయ్యా, ఇది మాత్రం ఖాయంగా చెప్తా. అట్టాగని మైకు పట్టుకుని మోటివేషన్ స్పీచ్‌లు మొదలెట్టమాక.

అమెరికాలో లీ ఐయాకోకా అని ఉండేవాడు. 1978లో ఫోర్డ్ వాళ్లు పీకేస్తే అదే ఏడాది మునిగిపోయే కార్ల కంపెనీ క్రైస్లర్‌లో చేరాడు. గవర్నమెంటు 150 కోట్ల డాలర్ల అప్పుకి హామీ ఉంటేగానీ కంపెనీ నిలబడదు, వర్కర్ల జీతాలు తగ్గించాలి, మరి వాళ్లని ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు? తన జీతం ఏడాదికి 1 డాలర్ చేసుకున్నాడు. టీవీ యాడ్స్‌లో తనే నిలబడి ఇంతకంటే మంచి కారు దొరికితే అదే కొనుక్కోండి అన్నాడు. 1983లో, గడువుకి ఏడేళ్ల ముందే, ఆ అప్పు తీరిపోయింది. ఇదంతా నోటిమాటతో అయిందనుకునేవు, కే-కార్ అనే చిన్న, చవక బండి లాంటి సరుకు చేతిలో ఉంది కాబట్టే ఆ మాట చెల్లింది.

నాకు ఇంకా నచ్చింది మాత్రం అలన్ ములాలీ. 2006లో విమానాలు చేసే బోయింగ్ నుంచి ఫోర్డ్‌కి పెద్దగా వచ్చాడు, అసలు కార్ల మనిషే కాదు. గురువారం గురువారం మీటింగు, పని బాగుంటే రిపోర్టులో పచ్చ రంగు, తేడా ఉంటే ఎరుపు. కంపెనీకి వెయ్యి కోట్ల డాలర్ల పైన నష్టం వచ్చిన ఏడాది కూడా అందరి రిపోర్టులూ పచ్చగానే ఉన్నయ్, చూడు మరి! చివరికి మార్క్ ఫీల్డ్స్ అనే ఆయన తన కొత్త బండి లాంచ్‌కి ఎరుపు చూపిస్తే, ఇక ఈయన పని అయిపోయిందని మిగతావాళ్లు చూస్తుంటే, ములాలీ చప్పట్లు కొట్టాడు. అక్కణ్ణించి ఒక్కొక్కళ్లూ నిజం చెప్పడం మొదలెట్టారు.

మీ వర్క్‌షాప్‌లో జరిగేదీ ఇదే. సాయంత్రం ఇస్తామన్న బండికి పార్ట్ రాలేదని బళ్లు తీసుకునే సర్వీస్ అడ్వైజర్‌కి పొద్దున్నే తెలుసు, చెప్తే తిడతావని బండి పని రాసే జాబ్ కార్డు అడుగున పెట్టేస్తాడు, ఆరింటికి గుంటూరు నుంచి కస్టమర్ దిగుతాడు, కౌంటర్ దగ్గర రచ్చ, ఆయన బస్సులో ఇంటికెళ్తా పదిమందికి చెప్తాడు. పొద్దున్నే చెప్పినోణ్ణి తిట్టమాక. నువ్వే ఫోన్ చేసి జీఎంని మాట్లాడుతున్నా అను, సగం కోపం అక్కడే దిగుద్ది.

కార్లోస్ ఘోస్న్ లాగా అంతా నేనే అనుకోమాక. జపాన్ కార్ల కంపెనీ నిస్సాన్‌ని లేపిన మొనగాడే, 2018లో అరెస్టయ్యాడు, 2019 ఆఖర్లో జపాన్ దాటి పారిపోయాడు. కేసులో నిజానిజాలు పక్కనపెట్టు, ఆ కంపెనీ ఇప్పటికీ తిప్పలు పడతానే ఉంది. నీ కింద ఒకణ్ణి ఇప్పట్నించే తయారు చేసుకో.

ముందు కుర్రాళ్లకి ఆగిపోయిన ఇన్సెంటివ్ ఇప్పించు, అది పడకుండా నువ్వేం చెప్పినా ఎవడూ వినడు. ఓనర్ గారు కాదంటే నాకు ఫోన్ కొట్టు, ఆయన ఆటోనగర్ రోజుల నుంచి నాకు తెలుసు, నేనొచ్చి మాట్లాడతా.

మీ మావయ్య