'నెవర్‌మైండ్' చివరి ట్రాక్ 20 నిమిషాలు చూపిస్తోందా? రిప్ పాడవలేదు

సీడీని కంప్యూటర్‌లోకి కాపీ చేస్తే (రిప్పింగ్) చివరి ట్రాక్ 20 నిమిషాలు చూపిస్తోందని, కాపీ పాడైందేమోనని అడిగారు; ఫ్రెండ్ సీడీలో మాత్రం ఆ అదనపు పాట లేదన్నారు. మీరు అనుమానించినట్టు రిప్పింగ్‌లో తేడా ఏమీ లేదు. అమెరికన్ రాక్ బ్యాండ్ నిర్వానా 1991లో తెచ్చిన ఈ రెండో ఆల్బమ్ సీడీలో 12వ ట్రాక్ వెనక ఒక పాట దాచిపెట్టారు. 'సమ్‌థింగ్ ఇన్ ద వే' నాలుగు నిమిషాల లోపే అయిపోతుంది. తర్వాత దాదాపు 10 నిమిషాల నిశ్శబ్దం. ఆపైన 'ఎండ్‌లెస్, నేమ్‌లెస్' ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. హెడ్‌ఫోన్స్‌తో కునుకు తీసినవాళ్లు జన్మలో మర్చిపోరు.

ఈ రెండు పాటల్ని విడదీయాలంటే ఆడాసిటీలో (ఉచిత ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) ఇలా:

1. ఫైల్ తెరిచి కంట్రోల్+ఎఫ్ నొక్కండి. ట్రాక్ మొత్తం తెరమీద కనబడాలి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. జూమ్‌లో ఉండి, శబ్దాన్ని చూపే గీత చదునుగా కనిపించగానే మిగతాదంతా ఖాళీ అనుకుని కోసేస్తారు. దాచిన పాట కూడా దాంతోపాటే పోతుంది. కుడివైపు చివర దట్టంగా ఉన్న భాగం కనిపించాకే చెయ్యి వేయండి.

2. మొదటి పాటను సెలెక్ట్ చేసి కంట్రోల్+బి నొక్కి, పేరు (లేబుల్) పెట్టండి. చివర రెండు మూడు సెకన్లు అదనంగా ఉంచండి, లేదంటే టక్కున తెగినట్టు ఉంటుంది.

3. కుడివైపు భాగానికీ అంతే.

4. ఎక్స్‌పోర్ట్‌లో మల్టిపుల్ ఫైల్స్ ఎంచుకుని, లేబుల్స్ ప్రకారం విడగొట్టమనండి. ఎంపీ3 వద్దు, నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫార్మాట్ పెట్టుకోండి.

మీ ఫ్రెండ్ సీడీలో ఆ పాటే లేదన్నారు కదా, అదీ నిజమే అయ్యుండొచ్చు. మాస్టరింగ్‌లో (కాపీలు తీసే ముందు చేసే తుది తయారీ) జరిగిన పొరపాటు వల్ల తొలి విడత కాపీల్లో అది పడలేదు.