పాలూ నెయ్యీ లేని పండుగ భోజనం: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. మా అమ్మాయి, అల్లుడు బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటూ కొంతకాలంగా వీగన్ పద్ధతి పాటిస్తున్నారు. మాంసం, చేపలు, గుడ్లతో పాటు పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా ముట్టరు. ఈ సంక్రాంతికి వాళ్లు వస్తున్నారు. పండుగ రాత్రి భోజనానికి మా వియ్యాలవారిని, మా వీధిలోని రెండు ఒడియా కుటుంబాలను కూడా పిలవాలనుకుంటున్నాము. మొత్తం 20 మంది అవుతారు. నెయ్యి లేని పప్పు, పెరుగు లేని భోజనం, పాలు పొంగించని పండుగ ఏం పండుగ అని మా అత్తగారు నొచ్చుకుంటున్నారు. అల్లుడికి విడిగా వండాలా, లేక అందరికీ ఒకే వంట సరిపోతుందా?

జవాబు: విడిగా వండవద్దు. పండుగ పంక్తిలో అల్లుడికి వేరే గిన్నెలు తెచ్చి వడ్డిస్తే అది మర్యాద అనిపించుకోదు, పథ్యం అనిపించుకుంటుంది. పైగా 20 మందికి వండే పొయ్యి దగ్గర రెండు రకాల వంటలు సాగుతుంటే గరిటెలు మారిపోవడం ఖాయం. మన సంక్రాంతి వంటకాలను ఒక్కొక్కటిగా చూస్తే పాలూ నెయ్యీ అవసరమైన చోట్లు మనం అనుకున్నంత ఎక్కువ కావు. పులిహోర, ఆవపెట్టిన అరటికాయ కూర, కంద బచ్చలి, చిక్కుడుకాయ కూర, గుమ్మడికాయ ముక్కల పులుసు, అల్లం పచ్చడి, గారెలు, జంతికలు మొదటి నుంచీ వీగన్ వంటలే. పాల పదార్థాలు చొరబడేది ప్రధానంగా తాలింపులో, పిండి వంటల కలుపులో, పాయసంలో, చివరి పెరుగన్నంలో. ఈ నాలుగింటిని సరిచూసుకుంటే ఒకే వంట అందరికీ సరిపోతుంది.

నెయ్యి విషయంలో మా సలహా ఒక్కటే. దానిని వంటలోంచి తీసి వడ్డనలోకి మార్చండి. ఏ తాలింపులోనూ నెయ్యి వేయకుండా, కావలసినవారికి నేతి గిన్నె పంక్తిలో విడిగా తిప్పితే మీ అత్తగారి ముద్దపప్పుకూ లోటు రాదు, అల్లుడి విస్తరికీ ఇబ్బంది ఉండదు. నెయ్యి వడ్డించే చెంచా మాత్రం పప్పు గిన్నెలోకి వెళ్లకుండా, వడ్డించే పని ఒకరికే అప్పగించండి. మీ అమ్మాయీ అల్లుడూ మొదటి ముద్దలో నెయ్యికి బదులు పచ్చి నువ్వుల నూనె వేసుకోవచ్చు. కందిపొడికీ ఆవకాయకూ ఆ నూనె మనకు అలవాటైనదే.

ఒడియా అతిథులు వస్తున్నారు కనుక ముద్దపప్పుతో పాటు డాల్మా కూడా పెడితే బాగుంటుంది. కందిపప్పులో గుమ్మడికాయ, పచ్చి బొప్పాయి, అరటికాయ, వంకాయ, చేమదుంప ముక్కలు వేసి ఉడికించి, జీలకర్ర, ఆవాలు, మెంతులు, సోంపు, నల్లజీలకర్ర కలిసిన పంచఫుటణతో తాలింపు వేసి, పైన కొబ్బరి కోరు చల్లుతారు. సాధారణంగా చివర నెయ్యి వేస్తారు కానీ, ఆవనూనెతో తాలింపు వేసి, దించేముందు వేయించిన జీలకర్ర, ఎండుమిర్చి పొడి చల్లితే ఆ లోటు ఎవరికీ తెలియదు. పొరుగువారు తామూ ఏదైనా తెస్తామంటే మండా పిఠా గాని కాకరా పిఠా గాని తెమ్మనండి. మొదటిది బియ్యప్పిండిలో కొబ్బరి, బెల్లం పూర్ణం పెట్టి ఆవిరి మీద ఉడికించేది, రెండవది బొంబాయి రవ్వతో చేసి నూనెలో వేయించేది. పూర్ణంలో ఛెనా, అంటే పాలు విరగ్గొట్టి తీసిన ముద్ద, కలపవద్దనీ, వేయించడానికి నెయ్యి వాడవద్దనీ ముందే చెప్పండి. ఆ రోజున ఒడియా ఇళ్లలో నైవేద్యంగా పెట్టే మకర చావుల మాత్రం కొత్త బియ్యం, అరటిపండు, కొబ్బరి, బెల్లంతో పాటు పాలు, ఛెనా కలిసిన ప్రసాదం. దానిని మార్చమని అడగడం భావ్యం కాదు. తినేవారు తింటారు, తిననివారు కళ్లకద్దుకుంటారు.

మీ అత్తగారి పాలు పొంగించడం గురించి కూడా మా అభిప్రాయం ఇదే. పూజ ఆమెది, భోజనం అందరిదీ. ఉదయం పాలు పొంగించి నైవేద్యం పెట్టుకోవడానికి రాత్రి వంటల పట్టిక ఏ విధంగానూ అడ్డు రాదు. అయితే ఒక అపోహను ముందే తొలగించండి. ఉల్లి, వెల్లుల్లి లేకపోవడమే వీగన్ భోజనమని చాలామంది పెద్దలు అనుకుంటారు. పూరీ జగన్నాథుని మహాప్రసాదంలో ఉల్లి, వెల్లుల్లి ఉండవు కానీ నెయ్యి పుష్కలంగా ఉంటుంది. వీగన్లు ఉల్లిపాయ పులుసు హాయిగా తింటారు. రెండు నియమాలకూ సంబంధం లేదు.

పాయసం దగ్గర కొంచెం నింపాదిగా పని చేయాలి. 20 మందికి 250 గ్రాముల బియ్యం, 250 గ్రాముల పెసరపప్పు, 750 గ్రాముల బెల్లం, నాలుగు పెద్ద కొబ్బరికాయలు సరిపోతాయి. కొబ్బరి కోరును గోరువెచ్చని నీళ్లతో రుబ్బి పిండిన మొదటి పాలు చిక్కగా వస్తాయి, వాటిని పక్కన ఉంచండి. అదే పిప్పిలో మళ్లీ నీళ్లు పోసి రుబ్బి రెండవ పాలు తీయండి. పెసరపప్పును నెయ్యి లేకుండా దోరగా వేయించి, బియ్యంతో కలిపి రెండవ పాలలో మెత్తగా ఉడికించిన తరువాత, విడిగా కరిగించి వడకట్టిన బెల్లం పోసి కాసేపు ఉడకనివ్వండి. పొయ్యి మీద నుంచి దించి, పొంగు చల్లారిన తరువాతే మొదటి పాలు కలపాలి. వాటిని తెర్లనిస్తే నూనె పైకి తేలి పాయసం విడిపోయినట్టు కనిపిస్తుంది. జీడిపప్పు, కిస్‌మిస్ కొబ్బరి నూనెలో వేయించి వేయండి. మరునాటికి మాత్రం ఈ పాయసాన్ని ఉంచవద్దు, కొబ్బరి పాలు త్వరగా పులుస్తాయి.

అరిసెలకు పాకం పట్టి పిండి కలిపేటప్పుడు చలిమిడి మెత్తగా ఉండాలని చాలామంది నెయ్యి వేస్తారు. దాని బదులు అంతే కొలతలో వేరుశెనగ నూనె వేసినా చలిమిడి విరగదు, పాకం సరిగ్గా కుదరడమే ముఖ్యం. తడి బియ్యప్పిండి అప్పటికప్పుడు దంచినదో మర పట్టించినదో అయి ఉండాలి, ఎండితే ఏ నూనె పోసినా అరిసె గట్టిపడుతుంది. బొబ్బట్లు చేస్తే నువ్వుల నూనెతో కాల్చండి. గారెలను పెరుగులో నానవేసి ఆవడలు చేసే బదులు చారులో గాని బెల్లం పాకంలో గాని వేయవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, వేయించే నూనె కొత్తది కావాలి. క్రితం రోజు చేపలు వేయించిన మూకుడులోని నూనె అందుకు పనికిరాదు.

మిగిలింది పెరుగు. వేరుశెనగ పప్పుతో పెరుగు తోడుపెట్టవచ్చు. 200 గ్రాముల పప్పును ఆరేడు గంటలు నానబెట్టి, పొట్టు తీసి, లీటరు నీళ్లతో మెత్తగా రుబ్బి వడకట్టి, అడుగంటకుండా కలుపుతూ మరగబెట్టాలి. గోరువెచ్చగా చల్లారిన తరువాత ఐదారు పచ్చిమిరపకాయల తొడిమలు వేసి వెచ్చని చోట ఉంచితే, తొడిమల మీద ఉండే సూక్ష్మజీవుల వల్ల అది తోడుకుంటుంది. జనవరి చలిలో రాత్రంతా పట్టినా ఆశ్చర్యం లేదు. మొదటిసారి తోడుకున్నది పలుచగానే ఉంటుంది, దానినే తోడుగా వాడితే రెండవసారి నిలకడగా వస్తుంది. కనుక పండుగకు నాలుగు రోజుల ముందే మొదలుపెట్టండి. నిజం చెప్పాలంటే పెరుగన్నానికి అలవాటు పడినవారికి ఇది అంత రుచించదు. అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు తాలింపుతో మజ్జిగ చేస్తేనే బాగుంటుంది. ఇంట్లో తరవాణి, అంటే పులియబెట్టిన గంజి, పెట్టే అలవాటు ఉంటే అంతకంటే మంచిది లేదు. మజ్జిగ కలపని తరవాణిలో ఉప్పు, నలిపిన నిమ్మాకు, పచ్చిమిర్చి వేసి గ్లాసుల్లో ఇస్తే భోజనం పుల్లగా, చల్లగా ముగుస్తుంది, ఒడియా అతిథులకూ అది కొత్త కాదు. పెరుగు కావలసినవారికి మామూలు పెరుగు కూడా నేతి గిన్నెలాగే విడిగా ఉంచండి.

ప్రశ్న: మాది గుణుపురం. క్రిస్మస్ రాత్రి మా ఇంటికి వచ్చే బంధువులలో ఒక కుటుంబం వీగన్. మా ఇంట్లో ఆ రోజు మాంసం, కేకు లేకుండా భోజనం ఉండదు. వాళ్లకు మీల్‌మేకర్ కూర ఒకటి చేసి సరిపెడితే చాలా?

జవాబు: చాలదు. మిగిలిన వారందరూ బిరియానీ తింటుండగా ఒక మూల కూర గిన్నె పెట్టడం సరిపెట్టడమే అవుతుంది, ఆ మాట మీరే రాశారు. బిరియానీనే కూరగాయలతో వండి, అందరికీ అదే అన్నం పెట్టి, మాంసం కూరను పక్కన విడిగా వడ్డించండి. మసాలాలో పెరుగు బదులు టమాటా, నిమ్మరసం, చిక్కని కొబ్బరి పాలు వేస్తే పులుపూ చిక్కదనమూ రెండూ వస్తాయి. ఉల్లిపాయలను నూనెలో ఎర్రగా వేయించండి. డిసెంబరులో పనస పొట్టు దొరకదు కాబట్టి, దాని కోసం తిరగవద్దు. చలికాలంలో ఆయిస్టర్ పుట్టగొడుగులు బాగా పండుతాయి. వాటిని పెద్ద ముక్కలుగా చీల్చి, మిరియాలు, అల్లం వెల్లుల్లితో నీరు ఇగిరేదాకా వేపితే మాంసం తినేవారు కూడా మళ్లీ అడుగుతారు. కందను పసుపు నీళ్లలో ఉడికించి, మసాలా పట్టించి, వలిసె గింజల నూనెలో వేయించండి. ఆ నూనె మీ రాయగడ, కోరాపుట్ ప్రాంతాలకు పరిచయమైనదే కానీ, బయటి నుంచి వచ్చినవారికి దాని వాసన కొత్తగా ఉంటుంది కనుక సగం వేరుశెనగ నూనె కలపండి.

కేకుకు గుడ్డూ వెన్నా అవసరం లేదు. ఒకటిన్నర కప్పుల మైదా, కప్పు పంచదార, ఒక టీస్పూను వంటసోడా, చిటికెడు ఉప్పు కలిపి, అందులో కప్పు నీళ్లు, మూడోవంతు కప్పు నూనె, ఒక టేబుల్‌స్పూను వెనిగర్ పోసి, ఉండలు లేకుండా ఒక్కసారి కలిపితే చాలు. సోడా, వెనిగర్ కలిసినప్పుడు పుట్టే కార్బన్ డయాక్సైడ్ బుడగలే కేకును పొంగిస్తాయి. ఆ బుడగలు పోకముందే, అంటే కలిపిన వెంటనే, వేడెక్కిన ఓవెన్‌లో పెట్టాలి. నీళ్లు పోయకముందే కిస్‌మిస్, ఖర్జూరం, జీడిపప్పు పిండిలో దొర్లించి ఉంచుకుంటే అవి అడుగుకు దిగవు. గులాబీ పువ్వులు చేసేవారు గుడ్డు మానేసి, బియ్యప్పిండి, మైదా, పంచదారను కొబ్బరి పాలతో జారుగా కలుపుకోవచ్చు. అచ్చు నూనెలో బాగా కాలి ఉంటే గుడ్డు లేకపోయినా పువ్వు చక్కగా విడివడుతుంది. వెన్నకు బదులుగా బజారులో దొరికే మార్గరిన్‌లలో కొన్నిటిలో పాల ఘనపదార్థాలు ఉంటాయి, పొట్లం చదవకుండా వాడవద్దు.

ప్రశ్న: మాది జయపురం. పండుగకు బిస్కెట్లు, మిఠాయిలు బయట కొంటాము. పొట్లం మీద ఆకుపచ్చ చుక్క ఉంటే వీగన్ అతిథులకు పెట్టవచ్చునా?

జవాబు: ఆ చుక్క శాకాహారానికి గుర్తు మాత్రమే, పాలు, నెయ్యి, తేనె ఉన్న వస్తువులకూ అదే ఉంటుంది. వీగన్ ఆహారానికి భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2022లో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం అనుమతి పొందిన వస్తువు మీద ఆకుపచ్చ రంగులో, చిన్న ఆకుతో కూడిన ఇంగ్లీషు 'వి' అక్షరం గుర్తు ఉంటుంది. ఆ గుర్తు లేని వస్తువులన్నీ పనికిరావని కాదు. పదార్థాల జాబితాలో మిల్క్ సాలిడ్స్, వే పౌడర్, కేసినేట్, బటర్, తేనె అన్న మాటలు ఉన్నాయేమో చూడండి. పాల పదార్థాలు కలిస్తే ఎలర్జీ హెచ్చరికలో కూడా ఆ సంగతి రాయాలి. విడిగా తూచి అమ్మే మిఠాయిలకు ఈ జాబితా ఉండదు, అడిగినా దుకాణంలోని కుర్రాడికి ఏ నూనెలో వేయించారో తెలియకపోవచ్చు. అందువల్ల మిఠాయిల జోలికి పోకుండా నువ్వుల చిక్కీ, వేరుశెనగ చిక్కీ, ఖర్జూరాలు, వేయించిన జీడిపప్పు కొనండి. చిక్కీ ఉండలు అంటుకోకుండా పళ్లేనికి నెయ్యి రాసే అలవాటు కొందరికి ఉంటుంది కనుక అది ఒక్కటి అడిగి తెలుసుకోండి.