బుష్‌లు కొత్తవే, చప్పుడు పాతదే: ముందు సస్పెన్షన్‌పై పాఠకుల సందేహాలు

ప్రశ్న: మాది 2016 మోడల్ చిన్న కారు, 82,000 కిలోమీటర్లు తిరిగింది. బ్రేకు వేసినప్పుడల్లా ముందు నుంచి ‘టక్’ మంటోందని నాలుగు నెలల క్రితం రెండువైపులా లోయర్ ఆర్మ్ బుష్‌లు మార్పించాను. రోజూ సాలూరు వెళ్లి వస్తాను. 6,000 కిలోమీటర్లకే మళ్లీ అదే చప్పుడు. సరుకు నాసిరకమని మెకానిక్ అంటున్నాడు. ఇంకా మంచి కంపెనీవి కొనాలా?
– ఒక పాఠకుడు, గజపతినగరం

జవాబు: కొనేముందు ఇప్పుడున్న బుష్ ఎలా చిరిగిందో చూడండి.

లోయర్ ఆర్మ్ అంటే చక్రాన్ని బండి అడుగున ఉన్న బ్రాకెట్‌కి కలిపే చేయి. అది బ్రాకెట్‌లో కూర్చునే చోట ఉండే మెత్తటి కీలే బుష్. అందులో బయట ఒక ఇనుప గొట్టం, లోపల బోల్టు దూరే ఇంకో గొట్టం, రెంటికీ మధ్య అతుక్కుని రబ్బరు ఉంటాయి. బోల్టు బిగించగానే లోపలి గొట్టం బ్రాకెట్‌కి బిగుసుకుపోతుంది, ఇక తిరగదు. చక్రం పైకీ కిందికీ ఆడినప్పుడల్లా రబ్బరే మెలిపడి తిరిగి వస్తుంది. బండి నేలమీద మామూలుగా నిలబడినప్పుడు ఆ రబ్బరులో మెలి ఉండకూడదు. అసలు కిటుకంతా ఇదే.

చాలా షెడ్లలో బండిని ఎత్తి, చక్రాలు వేలాడుతుండగానే బోల్టులు పూర్తిగా బిగించేస్తారు. ఆర్మ్ పొడవు 35 సెం.మీ., చక్రం 8 సెం.మీ. కిందికి వేలాడింది అనుకోండి. సుమారు 13 డిగ్రీల తేడా. బండి దించగానే రబ్బరు అంత మెలీ పడుతుంది, రాత్రంతా ఇంటిముందు ఆగి ఉన్నా అలాగే ఉంటుంది. దానిమీద గతుకులు తోడైతే ఎంత ఖరీదైన రబ్బరైనా ఆగదు. చీలిక లోపలి గొట్టం చుట్టూ గుండ్రంగా వచ్చి ఉంటే ముందుగా అనుమానించాల్సింది ఈ బిగింపునే.

రెండో తప్పు, బుష్ ఎక్కించే దిశ. కొన్ని బుష్‌ల రబ్బరులో చంద్రవంకల్లాంటి ఖాళీలు ఉంటాయి. బ్రేకు తాకిడిని మింగడానికి వాటిని కావాలనే ఒక దిక్కుకి పెడతారు. పాతది తీయకముందే ఆర్మ్ మీద సుద్దతోనో పెయింటుతోనో గీత పెట్టి, కొత్తది సరిగ్గా అదే గీతకి కలిపి ఎక్కించాలి. మూడోది సుత్తి. బుష్‌ని సుత్తితో కొట్టి దించితే ఆర్మ్ కన్ను (బుష్ కూర్చునే రంధ్రం) కోలగా సాగి, కొత్త బుష్ అందులో వదులుగా కూర్చుంటుంది. లేత్ షాపులో హైడ్రాలిక్ ప్రెస్‌తోనే దించమనండి. బలం పడాల్సింది బయటి గొట్టం అంచు మీద, రబ్బరు మీద కాదు. అందుకు సరిపడే పైపు ముక్క ఒకటి కావాలి. జారడానికి సబ్బు నీళ్లు చాలు. గ్రీజు, ఇంజిన్ ఆయిల్ రబ్బరుని ఉబ్బించి మెత్తబరుస్తాయి. పాత రబ్బరుని గ్యాస్ మంటతో కాల్చి తీసే అలవాటు కూడా ఉంది. ఒప్పుకోకండి. ఆ పొగ మంచిది కాదు, రేకు ఆర్మ్ పెయింటు పోయి తుప్పుకి దారి పడుతుంది.

బిగించే పద్ధతి: పని మొదలుపెట్టక ముందు బండిని సమతలంగా ఉన్న చోట నిలిపి, హబ్ (చక్రం నడిమి భాగం) మధ్య నుంచి ఫెండర్ (చక్రం పైనున్న బాడీ రేకు) అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోండి. ఆర్మ్ ఎక్కించాక బోల్టులు చేత్తో పట్టేంత వరకే తిప్పండి. తర్వాత బాల్ జాయింట్ వైపు, అంటే చక్రం వైపు కొసన, ఆర్మ్ కింద జాకీ పెట్టి, రాసుకున్న కొలత వచ్చేదాకా ఎత్తి, అప్పుడు టార్క్ రెంచితో (బిగింపు బలాన్ని చూపే పానాతో) బిగించండి. బాడీని మోసేది స్టాండే కావాలి. జాకీని నమ్మి ఎవరూ కింద దూరకూడదు. బండి కింద గొయ్యి ఉన్న షెడ్డయితే ఇంకా సులువు, చక్రాల మీద నిలిపే బిగించవచ్చు. ఎన్ని న్యూటన్ మీటర్లన్నది మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న అంకే. ‘చేతి లెక్క’ ఇక్కడ పనికిరాదు. నైలాక్ నట్లు (వదులవకుండా లోపల నైలాన్ వలయం ఉన్నవి) కొత్తవే వేయండి.

చివరగా అలైన్‌మెంట్. ఇది తప్పించుకుంటే టైర్లు లోపలి అంచున అరుగుతాయి.

అన్నట్టు, ఆ చప్పుడు నిజంగా బుష్‌దేనా? బ్రేకు వేసినప్పుడు, రివర్సు నుంచి ఫస్టు గేరుకి మారినప్పుడు ఒక్క ‘టక్’ వస్తే బుష్ మీదే అనుమానం. చిన్న గతుకుల మీద గలగలమంటే స్టెబిలైజర్ లింకు (బండి పక్కకి ఒరగకుండా ఆపే కడ్డీకి ఉండే లింకు). ఆగిన బండిలో స్టీరింగ్ తిప్పినప్పుడు కటకటమంటే స్ట్రట్ (స్ప్రింగు, షాకబ్జార్బర్ కలిసిన భాగం) పైనున్న మౌంటు.

ప్రశ్న: పాలీయురేథేన్ (రబ్బరులా సాగే గట్టి ప్లాస్టిక్) బుష్‌లు వేస్తే మళ్లీ మార్చే పని ఉండదంటున్నారు. వేయించవచ్చా?
– ఒక పాఠకురాలు, రాజాం

జవాబు: మన్నుతాయి, నిజమే. కానీ మెత్తదనం పోతుంది. మామూలు బుష్ రబ్బరు గట్టిదనం షోర్-ఏ లెక్కలో సుమారు 50 నుంచి 65 ఉంటే, వీటిది 80 నుంచి 95. స్టీరింగ్ పదునుగా ఉంటుంది, రోడ్డు మీది ప్రతి గరుకూ బాడీలోకి వస్తుంది. ఎల్ ఆకారపు ఆర్మ్ ఉన్న కార్లలో ముందు బుష్‌కి పాలీ, వెనక పెద్ద బుష్‌కి రబ్బరే ఉంచుకోవడం మేలని మా అభిప్రాయం. గుంత దెబ్బను మింగేది ఆ వెనక బుష్షే.

ఎక్కించేటప్పుడు మూడు చూడండి. పాత బుష్ బయటి గొట్టాన్ని ఉంచాలా తీసేయాలా అన్నది సెట్టుతో వచ్చిన కాగితంలో ఉంటుంది, అది చదవకుండా కోయవద్దు. లోపలి స్టీలు గొట్టం పాలీ ముఖం కంటే ఒక్క వెంట్రుకవాసి పొడవుండాలి. పొట్టిగా ఉంటే బ్రాకెట్ పాలీనే నొక్కిపట్టి ఆర్మ్‌ని కదలనివ్వదు. బ్రాకెట్‌లో సందు మిగిలితే సెట్టులోని వాషర్ స్పేసర్లు రెండువైపులా సమానంగా వేయాలి. గ్రీజు మాత్రం సిలికాన్‌దే, రెండు ఆర్మ్‌లకీ కలిపి 20, 30 గ్రాములు చాలు. మామూలు చాసిస్ గ్రీజు వేస్తే ఒక వానాకాలానికే కొట్టుకుపోయి కీచుమంటుంది.

పాలీ బుష్ గొట్టం మీద తిరుగుతుంది కాబట్టి మెలి బాధ లేదు. కానీ అదే ఆర్మ్ మీద రబ్బరు బుష్ ఇంకొకటి ఉంటే పైన చెప్పిన కొలత పద్ధతి తప్పదు.

ప్రశ్న: స్పీడ్ బ్రేకర్లకి కింద తగులుతోంది. ముందువైపు 30 మి.మీ. స్పేసర్లు (ఎత్తు పెంచే దిమ్మలు) వేయమంటున్నారు. స్ప్రింగు మధ్య రబ్బరు బఫర్లు చవక అంటున్నారు. ఏది మంచిది?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: వెనక సీటు నిండితేనే తగులుతోందా? అయితే ముందు స్పేసర్లతో లాభం లేదు. ఖాళీ బండిలోనే తగులుతుంటే హబ్ నుంచి ఫెండర్‌కి రెండువైపులా కొలవండి. ఒకవైపు 10 మి.మీ. పైన తక్కువుంటే స్ప్రింగు కుంగింది, జతగా మార్చాలి.

అయినా స్పేసరే కావాలంటే 15, మహా అయితే 20 మి.మీ. 30 వద్దు. స్ట్రట్ మౌంటుకీ బాడీకీ మధ్య పెట్టే రకంలో, చక్రం పూర్తిగా వేలాడినప్పుడు ఆ మేరకు ఇంకా కిందికి పోతుంది. డ్రైవ్ షాఫ్టు జాయింటు, బ్రేకు హోసు, ఏబీఎస్ వైరు లాగబడుతున్నాయేమో స్టీరింగ్ రెండు కొసలకీ తిప్పి చూడాలి. నట్టు దాటి కనీసం రెండు మరలు బయటికి కనబడాలి, లేకపోతే సొంత స్టడ్లున్న అల్యూమినియం స్పేసరే తీసుకోండి. స్ప్రింగు కింద పెట్టే రకంలో షాకబ్జార్బర్ నిడివి మారదు కాబట్టి కిందికి ఆడే దూరం తగ్గిపోతుంది, బ్రేకర్ దిగేటప్పుడు ‘ఠక్’ మని కొస తగులుతుంది. పైగా ఈ రకం పెట్టాలంటే స్ట్రట్ విప్పాలి. స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా నడిమి నట్టు ముట్టుకుంటే ప్రాణాపాయం.

రబ్బరు బఫర్లు మేము సిఫారసు చేయం. అవి రెండు చుట్లని పనిచేయకుండా ఆపుతాయి. ఆ భారం మిగతా చుట్ల మీద పడి స్ప్రింగు విరిగే అవకాశం పెరుగుతుంది.

ఏ స్పేసర్ వేసినా బండి నిలబడే ఎత్తు మారింది కదా. 20 మి.మీ.కి ఆర్మ్ సుమారు 3 డిగ్రీలు వంగుతుంది. లోయర్ ఆర్మ్ బోల్టులు వదులు చేసి, కొత్త ఎత్తు దగ్గర మళ్లీ బిగించండి. ఆపైన అలైన్‌మెంట్, హెడ్‌లైట్ సర్దుబాటు.

ప్రశ్న: భోగాపురం తీరం వైపు తిరిగే బండి. ఆర్మ్ బోల్టు కదలడం లేదు. వేడి చేయవచ్చా?
– ఒక పాఠకుడు, పూసపాటిరేగ

జవాబు: వద్దు. పక్కనే బ్రేకు హోసు, బాల్ జాయింట్ రబ్బరు ఉంటాయి. ఉప్పుగాలికి బోల్టు లోపలి గొట్టంతో కలిసి తుప్పుపట్టి ఉంటుంది. ముందురోజు సాయంత్రం, మళ్లీ పొద్దున తుప్పు వదిలించే ఆయిల్ కొట్టండి. పావు చుట్టు ముందుకీ వెనక్కీ ఆడించండి. చాలా బండ్లలో నట్టు సబ్‌ఫ్రేమ్ (ఆర్మ్‌ని మోసే అడుగు చట్రం) లోపల వెల్డింగ్ చేసి ఉంటుంది, బలవంతం చేస్తే అది ఊడి పెద్ద పని అవుతుంది. బోల్టు తిరుగుతూ బయటికి రాకపోతే బుష్‌కీ బ్రాకెట్‌కీ మధ్య బోల్టునే రంపపు బ్లేడుతో కోసేయండి. కొత్త బోల్టు తల మీద బలం గుర్తు 8.8 ఉందా 10.9 ఉందా అన్నది పాతదానితో సరిపోల్చి కొనండి. తుప్పు పట్టనివ్వని పేస్టు బోల్టు నున్నటి భాగానికే రాయండి. మరల మీద పడితే టార్క్ లెక్క తప్పుతుంది.