నామినీ లేని డిపాజిట్లు, షేర్లు: సక్సెషన్ సర్టిఫికెట్‌కు కోర్టులో పని ఎలా సాగుతుంది?

మీ ప్రశ్న సారాంశం ఇది: నాన్నగారు వీలునామా రాయకుండా పోయారు. నామినీ లేని ఫిక్స్‌డ్ డిపాజిట్లు, కొన్ని షేర్లు, ఒక ఇల్లు ఉన్నాయి. అమ్మ, నానమ్మ, మీరు, అమెరికాలో తమ్ముడు ఉన్నారు. బ్యాంకు సక్సెషన్ సర్టిఫికెట్ (చనిపోయినవారికి రావాల్సిన సొమ్ము, షేర్లు తీసుకునే హక్కు ఎవరిదో చెబుతూ కోర్టు ఇచ్చే పత్రం) తెమ్మంది. ఇలాంటి పిటిషన్లు దగ్గరుండి చూసినందువల్ల తెలిసినవి రాస్తున్నాను.

ముందు అసలు కోర్టుకెక్కే అవసరం ఉందా అన్నది తేల్చుకోండి. 2025లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం వాణిజ్య బ్యాంకులో 15 లక్షల దాకా, సహకార బ్యాంకులో 5 లక్షల దాకా, నామినీ లేకపోయినా తగాదా లేకుంటే ఇండెమ్నిటీ బాండు (తర్వాత నష్టం వస్తే భరిస్తామనే హామీపత్రం), మిగతా వారసుల నో అబ్జెక్షన్ వంటి కాగితాలతోనే సొమ్ము ఇవ్వాలి. షేర్లకు కూడా డీమ్యాట్‌లో (ఎలక్ట్రానిక్ ఖాతాలో) ఉంటే 15 లక్షలు, కాగితం సర్టిఫికెట్లయితే 5 లక్షల వరకు ఇలాంటి సులువైన దారే ఉంది. కౌంటర్ దగ్గర నోటిమాటగా కుదరదంటే ఆగిపోకండి. క్లెయిమ్ రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి.

ఇంటిని ఈ పిటిషన్‌లో కలపకండి. సక్సెషన్ సర్టిఫికెట్ రావాల్సిన బాకీలకు (బ్యాంకు డిపాజిట్ కూడా ఇందులోకే వస్తుంది), షేర్ల వంటి సెక్యూరిటీలకు మాత్రమే పనికొస్తుంది, స్థిరాస్తికి కాదు. ఇంటికి మీసేవలో దరఖాస్తు పెట్టి తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకోండి, దానితో పేరు మార్పు చేయించుకోండి. పంచుకోదలిస్తే రిజిస్టర్డ్ పంపకం దస్తావేజు రాసుకోవాలి.

పిటిషన్ వేసేది భారత వారసత్వ చట్టం, 1925, సెక్షన్ 372 కింద. నాన్నగారు చనిపోయేనాటికి మామూలుగా ఎక్కడ నివాసముండేవారో ఆ పరిధిలోని కోర్టులో వేయాలి. బ్యాంకు బ్రాంచి ఉన్న ఊరు, ఆసుపత్రిలో ప్రాణం పోయిన ఊరు లెక్కలోకి రావు. డెత్ సర్టిఫికెట్‌లో మరణించిన చోటుగా ఆసుపత్రి ఊరు ఉంటుంది కాబట్టి, నివాసానికి ఆధార్, రేషన్ కార్డు, కరెంటు బిల్లు లాంటివి జతచేయండి.

చాలామంది పొరపాటు పడేది వారసుల జాబితాలో. మీది హిందూ వారసత్వ చట్టం వర్తించే కుటుంబం అనుకుని చెబుతున్నాను. చనిపోయిన మగవారి తల్లి కూడా భార్యాబిడ్డలతో సమానంగా మొదటి తరగతి వారసురాలే. కాబట్టి నాన్నగారి స్వార్జితంలో అమ్మకు, నానమ్మకు, మీకు, తమ్ముడికి నాలుగు సమాన వాటాలు. నానమ్మ పేరు దాచి సర్టిఫికెట్ తెచ్చుకుంటే సెక్షన్ 383 కింద అది రద్దయ్యే ప్రమాదం ఉంది. ఇంకో సంగతి, పని తేలకముందే ఆవిడ కాలం చేస్తే ఆ వాటా ఆవిడ వారసులకు, అంటే మీ మేనత్తలకు, బాబాయిలకు కూడా వెళుతుంది. అందుకే ఆలస్యం చేయకండి.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది షెడ్యూల్ మీద, అంటే పిటిషన్‌లో రాసే డిపాజిట్లు, షేర్ల జాబితా మీద. షెడ్యూల్‌లో ఏముంటే సర్టిఫికెట్‌లో అదే వస్తుంది, సర్టిఫికెట్‌లో లేని ఖాతాకు బ్యాంకు పైసా ఇవ్వదు. పాస్‌బుక్ చూసి రాసేయకుండా బ్యాంకు నుంచి లెటర్ తీసుకోండి: బ్రాంచి, ఖాతా నంబరు, డిపాజిట్ రసీదు నంబరు, అసలు, గడువు తేదీ, మరణించిన రోజుకు ఉన్న నిల్వ. దాని పక్కనే 'చెల్లించే తేదీ వరకు వచ్చే వడ్డీతో సహా' అని ఉండాలి. షేర్లకైతే కంపెనీ పేరు, ఐఎస్ఐఎన్ (ఆ షేరుకుండే గుర్తింపు కోడ్), ఫోలియో (కాగితం షేర్ల ఖాతా) లేదా డీమ్యాట్ ఖాతా నంబరు, ఎన్ని షేర్లు, విలువ ఎంత అన్నవి రాయాలి. సెక్షన్ 374 ప్రకారం కోర్టు డివిడెండ్ తీసుకునే అధికారం ఒక్కటే ఇవ్వవచ్చు, బదిలీ చేసే అధికారం ఒక్కటే ఇవ్వవచ్చు, లేదా రెండూ ఇవ్వవచ్చు. ప్రార్థన పేరాలో (కోర్టును ఏం కోరుతున్నారో రాసే చోట) రెండూ అడగమని లాయరుగారికి గట్టిగా చెప్పండి. డివిడెండ్ అధికారం ఒక్కటే అడిగితే తర్వాత షేర్లు మీ పేరు మీదికి రావు.

పేర్ల తేడాలు కూడా ఇప్పుడే చూసుకోవాలి. డెత్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా, బ్యాంకులో ఒక్క అక్షరం, డీమ్యాట్‌లో చివర ఉంటే, పిటిషన్‌లో ఆ మూడు రూపాలూ 'అనబడే' అని కలిపి రాయించండి.

దాఖలు చేశాక ఆఫీసు పరిశీలన, నంబరు, మిగతా వారసులకు నోటీసులు, దినపత్రికలో ప్రకటన వరుసగా జరుగుతాయి. ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే మీ చీఫ్ అఫిడవిట్ (ప్రమాణం చేసి రాతగా ఇచ్చే సాక్ష్యం), పత్రాల మార్కింగ్ (వాటికి సాక్ష్యంగా నంబర్లు వేయడం), తర్వాత ఉత్తర్వు. ఆ రోజు ఒరిజినల్ డెత్ సర్టిఫికెట్, బ్యాంకు లెటర్ చేతిలో లేకపోతే వాయిదా పడుతుంది. తగాదా లేని కేసు కూడా కొన్ని నెలలు పడుతుంది.

తమ్ముడు రాలేకపోతే అక్కడి భారత కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి. అది ఇండియా చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు చేయించాలి. కవరు మీద పోస్టు తేదీ కనిపించేలా దాచుకోండి, చేరిన తేదీకి రుజువు అదే.

కోర్టు ఫీజు మొత్తం విలువ మీద శాతం లెక్కన ఉంటుంది. సెక్షన్ 379 ప్రకారం దాన్ని పిటిషన్‌తో పాటే డిపాజిట్ చేయాలి, సర్టిఫికెట్ రాకపోతే వాపసు వస్తుంది. కొన్నిసార్లు సెక్షన్ 375 కింద పూచీకత్తు బాండు కూడా అడుగుతారు.

సర్టిఫికెట్ చేతికి రాగానే అక్షరం, అంకె షెడ్యూల్‌తో సరిపోల్చుకోండి. తప్పుంటే అదే కోర్టులో సవరణ కోరాలి. ఒరిజినల్ ఎక్కడా వదిలిరాకండి, చూపించి సర్టిఫైడ్ కాపీ ఇవ్వండి, కాపీలకు ముందే దరఖాస్తు పెట్టుకోండి. తర్వాత ఎప్పుడో కొత్త డిపాజిట్ బయటపడితే మళ్లీ మొదటినుంచి కేసు వేయనక్కర్లేదు. సెక్షన్ 376 కింద అదే కోర్టులో, అదే నంబరు చూపించి, దాన్ని కూడా కలపమని పొడిగింపు పిటిషన్ వేస్తే చాలు.