మేలో కొన్న పాత సైకిల్ ఆగస్టులో ఎంతకు పోతుంది?

ప్రశ్న: నాది కాజీపేట నుంచి హనుమకొండకు వచ్చే రోడ్డులో చిన్న సైకిల్ రిపేర్ షాపు. ఏటా ఏప్రిల్ చివర, మే మొదట్లో ఎన్ఐటీ పిల్లలు చదువు అయిపోయి వెళ్లిపోతూ సైకిళ్లు వెయ్యికీ పదిహేను వందలకూ ఇచ్చేసి పోతారు. అవే సైకిళ్లు కొత్త పిల్లలు రాగానే మూడు వేలకు పోతున్నాయి. ఈసారి ఒక్కోటి 1,500 చొప్పున 40 కొని పెట్టుకుందామని ఉంది. నా దగ్గర 25 వేలు ఉన్నాయి. మిగతా 35 వేలకు మా ఇంటామె గొలుసు సేటు దగ్గర రెండు రూపాయల వడ్డీకి కుదువ పెడదామనుకుంటున్నాను. రెండింతలు వచ్చే దాంట్లో వడ్డీ ఒక లెక్కా అని మా బామ్మర్ది అంటున్నాడు. పెట్టమంటారా? ఇంకోటి, ఒక సీనియర్ తన గేర్ సైకిల్ ఐదు వేలకు ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

జవాబు: గొలుసు కుదువ పెట్టకండి. సైకిళ్లు కొనండి, కానీ పద్నాలుగు దాటకండి. ఈ పద్నాలుగు లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను.

మేలో ధర ఎందుకు పడుతుందో ముందు చూద్దాం. సైకిల్ పాడైపోయి కాదు, అమ్మేవాడికి తొందర ఉండి. ఆ పిల్లవాడు పాట్నాకో జైపూర్‌కో రైలెక్కాలి. హాస్టల్ గది ఖాళీ చేయాలి, నో డ్యూస్ సంతకాలు పెట్టించుకోవాలి. సైకిల్‌ని ఇంటికి పార్సిల్ చేసే ఓపిక ఉండదు. వాడిలాంటి వాళ్లు అదే వారంలో వందల మంది. అందుకే ఆ పది పదిహేను రోజులు మంచి సైకిల్, ముసలి సైకిల్ దాదాపు ఒకే రేటుకు పోతాయి. ఏ రిమ్ము వంకర పోయింది, ఏ ఫ్రేమ్‌కి వెల్డింగ్ పడింది, ఏ ఫ్రీవీల్ జారుతోంది అన్నది చూడగానే చెప్పగలిగేది అక్కడ మీరొక్కరే. మీ లాభంలో సగం ఈ ఎంపికలోనే ఉంది. నలభై కొనాలని ముందే పెట్టుకుంటే ఎంపిక ఉండదు, ఎదురుపడిందల్లా తీసుకోవాల్సి వస్తుంది.

ఇక పాత సైకిల్ ధరకు కింద ఒక హద్దు, పైన ఒక హద్దు ఉంటాయి. కింది హద్దు పాత ఇనుప సామాన్ల వాడు పెడతాడు. మామూలు సైకిల్ పదిహేను, ఇరవై కిలోలు తూగుతుంది. కిలోకు పాతికో ముప్పయ్యో వేసుకున్నా నాలుగైదు వందలు వస్తాయి. అంతకంటే కిందకు ఎవడూ అమ్మడు. పై హద్దు కొత్త సైకిల్ ధర. గిరాకీ ఎంత ఉన్నా, కొత్తదాని ధరలో సగం దాటగానే పిల్లల తండ్రి "ఇంకో రెండు మూడు వేలు వేసుకుంటే కొత్తదే వస్తుంది కదా" అంటాడు. మీ బేరం ఆగేది అక్కడే.

ఈ పై హద్దు 2025 సెప్టెంబర్ 22న కొంచెం కిందకు దిగింది. ఆ రోజు నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పన్నుతో కలిపి 6,000 ఉన్న సైకిల్ కంపెనీ ఆ తగ్గింపు మొత్తం ఇచ్చేస్తే 5,625కు రావాలి. 375 రూపాయలు చిన్న మొత్తమే. కానీ మీకు ఒక సైకిల్ మీద మిగిలేదే ఎనిమిది తొమ్మిది వందలు. కాబట్టి రెండేళ్ల కిందటి అమ్మకం రేటు మనసులో పెట్టుకుని ఈ ఏడాది కొనకండి.

2020 గుర్తుంది కదా. లాక్‌డౌన్‌లో బస్సులు ఆగాయి, జిమ్‌లు మూతపడ్డాయి, అందరికీ సైకిల్ గుర్తొచ్చింది. ప్రపంచమంతా గేర్ల సామాను దొరకక కొత్త సైకిల్‌కు నెలల తరబడి ఆగాల్సి వచ్చింది. కొత్తది దొరక్కపోతే పై హద్దే లేకుండా పోతుంది, పాత సైకిల్ ఎంత చెబితే అంత. ఆ ఊపు చూసి సరుకు నింపుకున్న వాళ్లకు బస్సులు తిరగడం మొదలయ్యాక అది దించుకోవడమే పని అయింది. మీ బామ్మర్ది చెప్పే రెండింతల లెక్కలో అప్పటి కథలు కూడా కలిసి ఉంటాయని నా అనుమానం.

మన దగ్గర సైకిల్ సీజన్ ఒకటే అనుకుంటే పొరపాటు. చిన్న సైకిళ్లు, పెద్ద సైకిళ్లు వేర్వేరు దారుల్లో నడుస్తాయి. ఏప్రిల్ చివర బడులకు సెలవులు ఇవ్వగానే 16, 20 అంగుళాల సైకిళ్లకు గిరాకీ మొదలవుతుంది, ఎండలో కూడా పిల్లలు గల్లీల్లో నేర్చుకుంటూ పడుతూ లేస్తూ ఉంటారు. అంటే హాస్టల్ సైకిళ్లు చవకైన నెలలోనే చిన్నవి ప్రియం. జూన్ 12న బడులు తెరిచాక చిన్నవి మూలన పడతాయి, 24, 26 అంగుళాలవి కదులుతాయి. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు తొక్కేవి, ముఖ్యంగా ఆడపిల్లల సైకిళ్లు. ఫీజులు, పుస్తకాలు, యూనిఫాం అన్నీ ఆ నెల మీదే పడతాయి కాబట్టి కొత్తది కొనాల్సిన ఇల్లు కూడా పాతది అడుగుతుంది. పరకాల, నర్సంపేట వైపు రైతు ఇళ్లలో ఆ రోజుల్లో చేతిలో ఉన్నదంతా విత్తనాలకు, ఎరువులకు పోతుంది. వాళ్లు సైకిల్ కోసం వచ్చేది పత్తి ఏనుమాముల మార్కెట్‌కు చేరి, వడ్ల పైసలు పడ్డాక, అంటే నవంబర్ నుంచి సంక్రాంతి దాకా.

జులైలో ముసురు పట్టిందంటే బేరం చచ్చిపోతుంది. ఎన్ఐటీ సీట్లు కేటాయించే జోసా కౌన్సెలింగ్ అయిపోయి ఎన్ఐటీలో మొదటి ఏడాది పిల్లలు దిగాక మళ్లీ లేస్తుంది. మీరు చెప్పిన మూడు వేలు ఆ కొన్ని రోజుల రేటు. పిల్లవాడితో తల్లిదండ్రులు ఉన్నప్పుడు డబ్బు వాళ్ల జేబులోంచి వస్తుంది, బేరం తొందరగా తెగుతుంది. వాళ్లు ఊరెళ్లాక పిల్లవాడు తన ఖర్చుల డబ్బులోంచి ఇవ్వాలి, అప్పుడు సీనియర్ దగ్గర పాతది దొరుకుతుందేమో వెతుకుతాడు. నీట్ కౌన్సెలింగ్ ఆలస్యం కాబట్టి కాకతీయ మెడికల్ కాలేజీ వైపు ఇంకో చిన్న అల తర్వాత వస్తుంది. దసరాకు కొత్త సైకిళ్ల వైపే చూపు. మీకు అది కొనే సమయం, ఎక్స్‌ఛేంజ్‌లో వచ్చిన పాతవి ఏ షాపు వాళ్లు వదిలించుకుంటారో చూడండి. రైస్ మిల్లుల్లో, బిల్డింగ్ పనుల్లో ఉన్న బీహార్ కూలీలకు మామూలు నల్ల సైకిల్ ఏడాదంతా కావాలి, హోలీకి ఇంటికి పోయే ముందు కొందరు అమ్మేస్తారు కూడా. ఈ బేరం చిన్నదే, కానీ వానాకాలంలో కూడా ఆగదు.

ఇప్పుడు నలభై సైకిళ్ల లెక్క. కొనడానికి 60 వేలు అన్నారు. టైర్లు, ట్యూబులు, బ్రేక్ రబ్బర్లు, చైన్, సీటు మీరు రాయలేదు. ఎంపిక లేకుండా కొన్న నలభైకి సగటున 450 వేసుకుంటే 18 వేలు. మొత్తం 78 వేలు. మీ 25 వేలు పోను అప్పు 53 వేలు కావాలి, 35 కాదు. రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 1,060, మే నుంచి ఆగస్టు దాకా 4,240. నలభై సైకిళ్లు మీ షాపు ముందు పట్టవు. షెడ్డు నెలకు 2,500 అనుకుంటే నాలుగు నెలలకు 10 వేలు. ఖర్చు మొత్తం 92,240.

అమ్మకం చూద్దాం. బేరం తర్వాత 2,800 చొప్పున మొదటి ఇరవై పోతాయి. 56 వేలు. తర్వాతి పది 2,300కు, 23 వేలు. ఇంకో ఆరు 1,900కు, 11,400. చివరి నాలుగు ఎవరూ అడగరు, విప్పి సామాను కింద అమ్మితే ఒక్కోటి 500, మొత్తం 2 వేలు. అన్నీ కలిపితే 92,400.

మిగిలింది 160 రూపాయలు. మీ కష్టానికి కూలి వేయకుండానే.

నా అంకెలు కాస్త అటూ ఇటూ కావచ్చు, మీ రేట్లు వేసి మళ్లీ కూడండి. షెడ్డు ఊరికే దొరికితే పది వేలు మిగులుతాయి. కానీ పల్లంలో ఉన్న షెడ్డు తీసుకోకండి. 2023 జులై చివర్లో హనుమకొండ, వరంగల్ కాలనీలు ఎలా మునిగాయో చూశారు కదా. హబ్బులు, బేరింగ్‌లలోకి నీళ్లు పోయిన నలభై సైకిళ్లు అంటే మళ్లీ ఓవరాలింగే. ఇంకో ఖర్చు కాగితం మీద కనిపించదు. ఒక్కో సైకిల్‌ని సాపు చేయడానికి పూట పడితే నలభైకి ఇరవై రోజులు. ఆ ఇరవై రోజులు జూన్‌లో వస్తాయి, బడులు తెరిచి మీ రిపేర్ పని నిండుగా ఉండే నెల అది. రోజూ వచ్చే గిరాకీని తిప్పి పంపి, ఆగస్టులో వచ్చే గిరాకీ కోసం పని చేస్తారన్నమాట.

అదే పద్నాలుగు అయితే ఏరి కొంటారు. పిల్లలు పదిహేను వందలు చెప్పినా రైలు రోజు దగ్గర పడేకొద్దీ దిగుతారు, సగటున 1,350 పడుతుంది అనుకుందాం. 18,900. మంచివి కాబట్టి సామానుకు 400 చాలు, 5,600. మొత్తం 24,500, మీ చేతిలో డబ్బులోనే అయిపోతుంది. షాపులో కొన్ని, ఇంటి దగ్గర కొన్ని పెట్టుకోవచ్చు. పది 2,800కు, నాలుగు 2,300కు పోయినా 37,200 వస్తుంది. 12,700 మిగులు. ఆ డబ్బుతో దసరా తర్వాత ఎక్స్‌ఛేంజ్ సరుకు కొని పత్తి సీజన్‌లో అమ్మితే ఏడాదిలో రెండోసారి తిరుగుతుంది. సరుకు పెంచడం కంటే డబ్బు తిరిగే సార్లు పెంచడం మీకు లాభం.

ఇంకో మాట చెబుతాను, చేసి చూడండి. ఆగస్టులో అమ్మేటప్పుడు ఐదారుగురికి ఒక కార్డు రాసివ్వండి: వచ్చే మేలో ఫ్రేమ్ విరగకుండా తిరిగి తెస్తే 1,200 ఇస్తాను, మధ్యలో రెండు సర్వీసులు ఫ్రీ. తండ్రికి అది ఏడాదికి 1,600 అద్దెలా కనిపిస్తుంది, 2,800 దగ్గర బేరం ఆడడు. మీకు వచ్చే మే సరుకు ఇప్పుడే ఖాయం అవుతుంది, పైగా దాని లోపాలన్నీ మీకు తెలిసినవే. ఆరు కార్డులంటే మేలో 7,200 సిద్ధంగా ఉండాలి, అంతకు మించి రాయకండి. కార్డు మీద తేదీ వేయండి. లేకపోతే నాలుగేళ్ల తర్వాత తుప్పుపట్టిన సైకిల్ పట్టుకొని వస్తారు.

కొనేటప్పుడు కాగితం తప్పనిసరి. క్యాంపస్‌లలో తాళం పగలగొట్టి ఎత్తుకొచ్చిన సైకిళ్లు కూడా ఇదే సీజన్‌లో తిరుగుతాయి. అమ్మే పిల్లవాడి ఐడీ కార్డు జిరాక్స్, సంతకం, పెడళ్ల ఇరుసు కింద కొట్టి ఉండే ఫ్రేమ్ నంబర్ ఒక నోటుబుక్‌లో ఉండాలి. దొంగసొత్తు అని తెలిసి, లేదా అలా నమ్మడానికి కారణం ఉండి కూడా కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. నాలుగైదు సైకిళ్లు ఒకేసారి తెచ్చి, బిల్లు లేదు, ఐడీ లేదు అనేవాణ్ని అక్కడే తిప్పి పంపండి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ గురించి మాత్రం టెన్షన్ వద్దు, మీ ఏడాది అమ్మకాలు 20 లక్షల దరిదాపుల్లో లేవు.

షాపును నిజంగా పెంచాలని ఉండి అప్పు కావాలంటే అది వచ్చే ఏడాది మాట. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. ముద్రా యోజనలో శిశు కింద 50 వేల దాకా తాకట్టు లేకుండానే బ్యాంకు ఇస్తుంది, మీలాంటి షాపుల కోసమే పెట్టిన లోన్ అది. మేనేజర్ అడిగేది మీ వ్యాపారం నడుస్తోందా అని. ఈ ఏడాది కొన్న తేదీ, కొన్న ధర, సామాను, అమ్మిన తేదీ, అమ్మిన ధర రాసుకుంటే, డబ్బులు ఫోన్‌పేలోనో బ్యాంకులోనో తీసుకుంటే, చూపించడానికి లెక్క ఉంటుంది. మీ ఇంటామెతో ఈ లెక్క ఒకసారి కూర్చుని చూడండి, గొలుసు ఆమెది కదా.

గేర్ సైకిల్ విషయం. ఐదు వేలు పెట్టకండి, మీ 25 వేలలో అయిదో వంతు ఒక్క సైకిల్‌లో ఇరుక్కుంటుంది. గేర్ సైకిల్ అడిగేవాళ్లు వేరు. చలికాలం మొదలయ్యాక పొద్దున్నే వడ్డేపల్లి చెరువు, భద్రకాళి బండ్ వైపు తొక్కే ఉద్యోగస్తులు, డాక్టర్లు. వాళ్లు నవంబర్ దాకా రారు. డిస్క్ బ్రేకో గేర్ షిఫ్టరో పోతే సామాను ఖర్చు కూడా మామూలు సైకిల్ లాంటిది కాదు. ఆ సీనియర్‌తో ఇలా మాట్లాడండి: సైకిల్ షాపులో పెట్టి వెళ్లు, అమ్ముడయ్యాక నీకు ఫోన్‌పే చేస్తాను, పది శాతం నాకు. రైలు టైమ్ అవుతోంది కాబట్టి చాలావరకు ఒప్పుకుంటాడు. ఒప్పుకోకపోతే మూడు వేలు చెప్పి చూడండి, దానికీ కాదంటే వదిలేయండి.